పాత మారుతి 800కి బ్రేక్ హోస్ పైపులు: పగిలినది ఒక్కటి మారిస్తే సరిపోతాదా?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండు సార్లు చదివినా. మీ నాయన వాడిన 2003 మోడల్ మారుతి 800, 70 వేల కిలోమీటర్లు తిరిగింది, మూడేండ్లు ఇంటి ముందర ఊరికే నిలబడి ఉంటే ఇప్పుడు మీరు మళ్లీ బయటికి తీసినారు. బ్రేక్ తొక్కితే బండి కుడికి లాగుతాంది, కాలు తీసినాక కాసేపు ఎడమకి లాగుతాంది. ప్రొద్దుటూరులో ఒకాయన ముందర ఎడమ హోస్ పైపు (బ్రేక్ ఆయిలును చక్రం దగ్గరికి తీసుకుపోయే రబ్బరు గొట్టం) మీద పగుళ్లు చూపించి అది ఒక్కటి మారిస్తే చాలన్నాడు, ఇంకొకాయన అన్నీ మార్చాల్సిందే అన్నాడు. వచ్చే నెల ఇంటోళ్లందరితో తిరుమలకు పోవాల, ఆలోపు ఆదివారం పూట నేనే మార్చుకోవచ్చా అని అడిగినారు.

నేరుగా చెప్తా. ముందరివి రెండూ, వెనకవి ఎన్ని ఉంటే అన్నీ, ఒకేసారి మార్చండి. దాంతో పాటే బ్రేక్ ఆయిలు మొత్తం కొత్తది పోయండి. ఈ పని కాకుండా ఘాట్ ఎక్కొద్దు. మీరే చేసుకోవచ్చా అంటే, ఇంతకుముందు ఒక్కసారన్నా బ్రేకులు విప్పి, ఎయిర్ (పైపుల్లో చేరిన గాలి) తీసి, మళ్లీ బిగించిన అనుభవం ఉంటే చేసుకోండి. ఇదే మొదటిసారి అయితే మాత్రం పక్కన తెలిసినోళ్లు లేకుండా పానా పట్టొద్దు. ఎందుకో కింద రాస్తా, కొంచెం పొడుగే అయితాది.

నేను కడపలో 26 ఏండ్లుగా మెకానిక్ పని చేస్తాండా, ఎక్కువగా పాత మారుతీలు, అంబాసిడర్లు, జీపులే నా దగ్గరికి వస్తాయి. "70 వేలే కదన్నా తిరిగింది, పైపులు అప్పుడే పోతాయా" అని దాదాపు ప్రతి ఓనరూ అడుగుతాడు. హోస్ పైపుకు కిలోమీటర్లతో పని లేదు, దానికి వయసే లెక్క. మన దగ్గర మే నెల ఎండకి ఇంటి ముందర నిలబడిన బండి కింద నేల కూడా పొయ్యి మాదిరి కాలుతాంటాది. రబ్బరు ఆ వేడికి ఎండిపోయి గట్టిపడతాది, తిరిగినా తిరక్కపోయినా. పైగా నిలబడి ఉన్న బండిలో ఆయిలు తేమ పీల్చుకుంటా అట్లే కూర్చుంటాది, దాన్ని మార్చాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. అందుకే రోజూ తిరిగే బండి కంటే మూడేండ్లు మూలన పడున్న బండిని నేను ఎక్కువ అనుమానంగా చూస్తా.

ఇప్పుడు మీ బండి కుడికీ ఎడమకీ లాగే సంగతి. ఇది చదివినాకనే నేను ఇంత పొడుగు రాయాలనుకున్నా, ఎందుకంటే ఇది చానామందికి అర్థం కాక ప్యాడ్లు మారుస్తారు, కాలిపర్ (ప్యాడ్లను చక్రం డిస్క్ మీదికి నొక్కే భాగం) కిట్లు మారుస్తారు, అలైన్‌మెంట్ చేపిస్తారు, డబ్బులు పోతాయి గానీ రోగం పోదు.

హోస్ పైపు పైకి ఒక రబ్బరు గొట్టం మాదిరి కనిపిస్తాది గానీ అందులో మూడు పొరలు ఉంటాయి. లోపల ఆయిలు పారే సన్న ట్యూబు, దాని బొక్క మూడు మిల్లీమీటర్ల దరిదాపు ఉంటాది అంతే. దాని మీద నూలు అల్లిక, అదే ప్రెషర్‌ని తట్టుకునేది. అన్నిటికీ పైన మనకు కనిపించే నల్ల రబ్బరు, అది ఊరికే దుమ్మూ నీళ్లూ రాళ్లూ తగలకుండా కాపలా. మీకు మెకానిక్కు చూపించిన పగుళ్లు ఆ పై పొరవి. గట్టిగా బ్రేక్ తొక్కితే లోపల ప్రెషర్ వెయ్యి పీఎస్ఐ కూడా దాటొచ్చు, మనం టైరులో కొట్టించేది 30, ఆ తేడా ఒకసారి ఊహించుకోండి.

పై పొర పగిలితే కంటికి కనపడతాది. అసలు ముప్పు లోపలి ట్యూబుది. ఏండ్ల తరబడి పాత ఆయిల్లో నాని అది ఉబ్బుతాది, లేదంటే ఒక చోట పొర లేచి నాలిక మాదిరి వేలాడతాది. మీరు పెడల్ తొక్కినప్పుడు కాలి బలానికి ఆయిలు ఆ నాలికను నెట్టుకుని ఎట్లనో కాలిపర్‌కి పోతాది, కానీ ఆలస్యంగా పోతాది. కాలు తీసినాక వెనక్కి రావాలంటే దాన్ని నెట్టే బలం ఏమీ లేదు, పిస్టన్ చుట్టూ ఉన్న సీలు కొంచెం వెనక్కి గుంజేదే ఆధారం, ఆ మాత్రం బలానికి నాలిక లేవదు. ఆయిలు కాలిపర్‌లోనే ఇరుక్కుంటాది, చక్రం పట్టేస్తాది.

ఇప్పుడు మీ బండికి కలిపి చూడండి. బ్రేక్ తొక్కగానే ఎడమ చక్రానికి ఆయిలు లేటుగా పోతాంది, కుడిది ముందే పట్టేస్తాంది, బండి కుడికి లాగుతాంది. కాలు తీసినాక కుడిది వదిలేస్తాంది, ఎడమది వదల్లేదు, బండి ఎడమకి లాగుతాంది. తొక్కినప్పుడు ఒక పక్కకి, వదిలినాక ఇంకో పక్కకి లాగితే మొదట హోస్ పైపునే అనుమానించాల. అలైన్‌మెంట్ తేడా అయితే తొక్కినా తొక్కకపోయినా ఒకే పక్కకి పోతాది.

అయినా అనుమానం మీద పార్టులు మార్చడం నాకు నచ్చదు, పరీక్ష ఉంది. ఊరి బయట నాలుగైదు కిలోమీటర్లు బ్రేకులు వాడుతా తోలుకొచ్చి, చక్రం పట్టేసి ఉన్నప్పుడే ముందర ఎడమ పక్క జాకీ ఎత్తి స్టాండు పెట్టండి. జాకీ మీదనే వదిలి కింద చేయి పెట్టొద్దు. గేర్ న్యూట్రల్‌లో ఉంచి చక్రం చేత్తో తిప్పండి, బిగువుగా ఉంటాది. కాలిపర్ మీద ఎయిర్ తీసే నిపుల్ ఉంటాది, దానికి సన్న ట్యూబు తగిలించి పావు చుట్టు వదులు చేయండి. ఆయిలు చిమ్మి చక్రం ఫ్రీ అయిందంటే లోపల ప్రెషర్ ఇరుక్కున్నట్టు. నిపుల్ వదిలినా చక్రం అట్లే బిగువుగా ఉంటే హోస్‌ది తప్పు కాదు, కాలిపర్ పిస్టన్ తుప్పు పట్టి ఉండాది, లేదా కాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు కదలట్లేదు, మూడేండ్లు నిలబడిన బండికి అది కూడా మామూలే. ఫ్రీ అయితే ఇంకొక్క మెట్టు ఉంది: నిపుల్ బిగించి మళ్లీ తొక్కి పట్టేసేట్టు చేసి, ఈసారి హోస్‌కి పైన, ఇనుప పైపు కలిసే చోట నట్టు కొంచెం వదులు చేయండి. అక్కడ వదిలితే ఫ్రీ అయిందంటే తప్పు పైన మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిలును పైపుల్లోకి నెట్టే భాగం) పక్క ఉంది. అక్కడ వదిలినా ఫ్రీ కాక, కింద నిపుల్ వదిలితేనే ఫ్రీ అయితాంటే, దొంగ ఆ నడుమ ఉన్న హోస్ పైపే. ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు.

నాలుగైదేండ్ల కింద రాయచోటి నుంచి ఒక కుటుంబం గువ్వలచెరువు ఘాట్ దిగి నేరుగా నా షెడ్డుకే వచ్చినారు, ముందర చక్రం నుంచి పొగ. ఆ బండికి అంతకు ముందు వేరే చోట రెండు సార్లు కాలిపర్ కిట్టు వేసినారు, ప్యాడ్లు మార్చినారు. హోస్ మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే పైకి చూస్తే కొత్తదాని మాదిరి నిగనిగలాడుతాంది, ఒక్క పగులు లేదు. దాన్ని విప్పి రెండు పక్కల నుంచీ కంప్రెసర్ గాలి పట్టినా. మాస్టర్ సిలిండర్ పక్క నుంచి పోతాంది, కాలిపర్ పక్క నుంచి పోవట్లేదు. తర్వాత బ్లేడుతో నిలువునా చీల్చి చూపిస్తే, క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) ఇనుప చివర నుంచి రెండు అంగుళాల లోపల రబ్బరు పొర ఒకటి గోరంత లేచి, వేలు పెడితే మూత మాదిరి పడి లేస్తాంది. ఆ ఇంటాయన దాన్ని చేతిలో పెట్టుకుని చానాసేపు ఏమీ మాట్లాడలేదు, బండిలో చంటిపిల్ల ఉండింది. ఆ ముక్క ఇప్పటికీ నా టూల్ బోర్డుకు తగిలించి ఉంది, "పైకి బాగానే ఉంది కదన్నా" అనే ప్రతి ఒక్కరికీ చూపిస్తా.

అందుకే పగిలింది ఒక్కటే మారుద్దాం అనే మాట నేను ఒప్పుకోను. అన్నీ ఒకే రోజు ఫ్యాక్టరీలో వేసినవి, ఒకే ఎండలో ఎండినవి, ఒకే ఆయిల్లో నానినవి. ఒకటి పోయిందంటే మిగతావి వరసలో ఉన్నట్టే. ఇంకోటి, ముందర ఒక పక్క కొత్తది, ఒక పక్క లోపల ఉబ్బిన పాతది ఉంటే రెండు చక్రాలూ సమంగా పట్టవు. ఎట్లనూ ఎయిర్ తీయాల, ఆయిలు పోయాల, ఆ పని నాలుగు సార్లు చేసే బదులు ఒకసారి చేస్తే కూలి కూడా మిగులుతాది. పార్టులూ, ఆయిలూ, కూలీ అన్నీ కలిపినా మీ బండికి ఫుల్ ట్యాంక్ పెట్రోలు కొట్టించే ఖర్చు దరిదాపుల్లోనే అయిపోవాల, అంతకంటే చానా ఎక్కువ అడిగితే ఇంకో చోట అడగండి.

పైపులు కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని పోండి. పొడుగు, రెండు చివర్లు, మర, అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి, అర అంగుళం తేడా ఉన్నా తీసుకోవద్దు. పొట్టిదైతే స్టీరింగ్ తిప్పినప్పుడు గుంజుతాది, పొడుగుదైతే టైరుకు రాసుకుంటాది. పైపు మీద కంపెనీ పేరు, తయారీ తేదీ, స్టాండర్డ్ నంబరు అచ్చు వేసి ఉండాల, ఎస్ఏఈ జె1401 అనేది ఎక్కువగా కనపడతాది. ఏ అచ్చూ లేని నల్ల గొట్టం ఎంత తక్కువకిచ్చినా వద్దు. తేదీ కూడా చూడండి, షాపులో ఆరేడేండ్లుగా పడున్న పాత స్టాకు అంటగడతారు, అది మీ బండికి ఎక్కకముందే సగం ముసలిది. స్టీల్ జాలీ అల్లిన రేసింగ్ పైపులు వేసుకోమని కొందరు చెప్తారు, మన వాడకానికి అవసరం లేదు, పైగా లోపలి ట్యూబు పాడైనా జాలీ కింద కనపడదు.

ఇక విప్పే పని. ఈ పనిలో ప్రమాదం హోస్‌తో కాదు, దానికి కలిసే ఇనుప పైపు నట్టుతో. ఇరవై ఏండ్లు కదలని 10 నంబరు నట్టు, మెత్తటి లోహం. మామూలు ఓపెన్ స్పానర్ వేస్తే రెండు మూలల మీదనే పడతాది, జారుతాది, నట్టు గుండ్రం అయిపోతాది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఇదే తప్పు చేసినా. నట్టు తిరుగుతాంది అని సంతోషపడి ఇంకా బలం పెట్టినా, తీరా చూస్తే నట్టు పైపుకు పట్టేసుకుని ఉంది, నట్టుతో పాటు ఇనుప పైపే మెలిక తిరిగి తెగిపోయింది. శనివారం సాయంత్రం, కస్టమరు పొద్దున్నే కర్నూలు పోవాల. మా మేస్త్రీ తిట్టలేదు, రాత్రి కూర్చుని కొత్త పైపు వంచి, అంచు కొట్టి, పొద్దున నాలుగుకు బండి ఇచ్చినాడు. ఆ రాత్రి పక్కన లైటు పట్టుకుని నిలబడింది నేనే.

అందుకే దీనికి ఫ్లేర్ నట్ స్పానర్ కొనండి. రింగ్ స్పానర్ మాదిరే ఉంటాది గానీ ఒక పక్క పైపు దూరేంత సందు ఉంటాది, నట్టుని అన్ని పక్కలా పట్టుకుంటాది. ముందు రోజు రాత్రే వైరు బ్రష్‌తో మర దగ్గర మట్టి రాల్చి, తుప్పు వదిలే స్ప్రే కొట్టి నాననివ్వండి, డిస్క్ మీద ప్యాడ్ల మీద పడకుండా గుడ్డ కప్పండి. విప్పేటప్పుడు హోస్ చివర ఒక స్పానర్ పట్టుకుని, ఇంకోదాంతో నట్టు తిప్పండి. కొంచెం వదులవ్వగానే ఇనుప పైపు వైపే చూస్తాండండి, పైపు కూడా కలిసి తిరుగుతాంటే వెంటనే ఆపేయండి. అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెం ఆడిస్తా, స్ప్రే కొడతా పోవాల. మొండికేస్తే ఆపి షెడ్డుకు తీసుకుపోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

వరస ఇది: ముందర ఇనుప పైపు నట్టు, తర్వాత బ్రాకెట్ దగ్గర ఉన్న క్లిప్పు, ఆఖరికి కాలిపర్ దగ్గర బోల్టు. పైన నట్టు విప్పగానే ఆయిలు కారతానే ఉంటాది, మాస్టర్ సిలిండర్ మీది ఆయిలు డబ్బా మొత్తం ఖాళీ అయితే ఎయిర్ తీయడం తలనొప్పి. దానికి మేము చేసేది, ముందే పెడల్‌ని ఒక అంగుళం తొక్కిన కాడ ఆగేట్టు సీటుకూ పెడల్‌కూ నడుమ కర్ర పెడతాం, మాస్టర్ సిలిండర్ లోపల డబ్బా నుంచి వచ్చే దారి మూసుకుంటాది, కారడం ఆగుతాది. బ్రేక్ లైట్లు వెలుగుతా ఉంటాయి కాబట్టి బ్యాటరీ వైరు తీసి పెట్టండి. కాలిపర్ విప్పాల్సి వస్తే హోస్ మీద వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగ్‌కు కట్టండి.

కాలిపర్ దగ్గర నడుమ బొక్క ఉన్న బాంజో బోల్టు ఉంటే, దానికి రెండు పక్కలా రాగి వాషర్లు ఉంటాయి. పాత వాషర్లు మళ్లీ వేయొద్దు. అవి ఒకసారి నలిగి అచ్చు పడిపోయినవి, రెండోసారి సరిగ్గా కూర్చోవు, సన్నగా కారుతాది. కొత్త హోస్ బిగించినాక దాని మీద ఉన్న అచ్చు గీత తిన్నగా ఉందో లేదో చూడండి, తాడు మెలిక మాదిరి చుట్టుకుని ఉంటే విప్పి మళ్లీ బిగించండి. తర్వాత స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించి, చక్రం కిందికి దిగినప్పుడు పైకి ఎక్కినప్పుడు హోస్ ఎక్కడా తగలట్లేదని లైటు వేసి చూడండి. ఒక బండిలో ఎవరో మెలిక పెట్టి బిగించినారు, మూడు నెలలకే టైరు రాసుకుని పై రబ్బరు మొత్తం పోయి తెల్ల నూలు బయటపడింది. దేవుడి దయ, ఆయిల్ మార్చుకుందామని వచ్చినాడు కాబట్టి కంట్లో పడింది.

ఎయిర్ తీసేదానికి ఇద్దరు కావాల. మన బండ్లలో మాస్టర్ సిలిండర్ కుడి పక్క కాబట్టి మామూలుగా దూరంగా ఉన్న వెనక ఎడమతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందర ఎడమ, ఆఖరికి ముందర కుడి. కొన్ని బండ్లకు కంపెనీ వేరే వరస చెప్తాది, మాన్యువల్ ఉంటే దాన్నే పాటించండి. ట్యూబులో బుడగలు ఆగి, నల్లగా వచ్చే పాత ఆయిలు పోయి శుభ్రమైనది వచ్చేదాకా తీయండి, డబ్బాలో ఆయిలు అడుగంటకుండా ఒక కన్ను వేసి ఉంచండి. ఇంకొక మాట, పాత బండిలో పెడల్ నేలకు తగిలేదాకా తొక్కొద్దు. మాస్టర్ సిలిండర్ లోపల సీలు రోజూ పోని చోట తుప్పూ గరుకూ ఉంటాది, అక్కడిదాకా నెడితే సీలు చీరుకుపోతాది. పొద్దున బాగున్న మాస్టర్ సిలిండర్ సాయంత్రానికి పోయిందని మొత్తుకునేది ఇందుకే. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి తొక్కించండి.

ఆయిలు సంగతి. డబ్బా మూత మీద ఆయిలు రకం డాట్ 3 అని ఉంటాదో డాట్ 4 అని ఉంటాదో చూసి అదే పోయండి. డాట్ 3 కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు, కానీ తేమ పీల్చినాక 140కే మరుగుతాది. డాట్ 4 అయితే 230, తేమ పడితే 155. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల వేడికి ఆ పాత ఆయిలు మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ ఒక్కసారిగా మెత్తగా నేలకు పోతాది. తిరుమల దిగేది పాత ఘాట్ రోడ్డే, మలుపు మీద మలుపు, బ్రేక్ మీద కాలు తీయనివ్వదు. మూడేండ్లు నిలబడిన ఆయిల్‌తో అక్కడ దిగడం నాకు తలుచుకుంటేనే భయం. డాట్ 5 అని సిలికాన్‌ది ఒకటి ఉంది, అది వీటితో కలవదు, పోయొద్దు. ఇంజన్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో తెలియక ఒక్క మూతెడు పోసినా లోపలున్న రబ్బర్లన్నీ ఉబ్బి మొత్తం మార్చాల్సి వస్తాది. సగం మిగిలిన సీసా దాచిపెట్టి వచ్చే ఏడు వాడొద్దు, అది కూడా గాలిలో తేమ పీలుస్తాది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, తుడిస్తే చాలదు, పెయింటు లేస్తాది.

మన పక్క వాటర్ సర్వీస్ వాళ్లు కడిగినాక తుప్పు పట్టకుండా అని బండి కింద డీజిలు స్ప్రే కొడతారు. దయచేసి కొట్టించొద్దు. ఇనుముకు మంచిదేమో గానీ హోస్ రబ్బరుకీ బుష్షులకీ అది విషం. కొత్త పైపులు వేసిన బండికి అయితే అసలే వద్దు.

అంతా అయినాక ఇంజన్ స్టార్ట్ చేసి పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి, ఇంకొకరు నాలుగు చక్రాల దగ్గరా ప్రతి జాయింటూ తెల్ల కాగితంతో అద్ది చూడాల. చుక్క తడి అంటినా మళ్లీ విప్పాల్సిందే. తర్వాత ఖాళీ గ్రౌండులో 20 స్పీడులో పోయి నాలుగైదు సార్లు ఆపి చూసి, అప్పుడు రోడ్డెక్కండి. వంద కిలోమీటర్లు తిరిగినాక ఇంకోసారి ఆ కాగితం పరీక్ష చేయండి. తిరుమలకు పోయేది ఇంకా నెల ఉంది కాబట్టి పని ఈ వారమే పెట్టుకుని, మూడు వారాలు లోకల్‌గా తిప్పండి, ఏదన్నా లోపం ఉంటే ఇంటి దగ్గరే బయటపడతాది. దిగేటప్పుడు రెండో గేరులో దిగండి, ఇంజనే సగం పట్టుకుంటాది, పిల్లలకు కళ్లు తిరిగినా తిరక్కపోయినా నడుమ ఒక చోట ఆపి బ్రేకులు చల్లారనివ్వండి.

ముందు ఆ నిపుల్ పరీక్ష చేసి, ఎక్కడ వదిలితే చక్రం ఫ్రీ అయిందో ఇక్కడ రాయండి. కాలిపర్‌ది అని తేలితే దాని పని వేరే ఉంది, అది కూడా చెప్తా.